రాజీ ఎవరితో కుదిరింది

నా ఉద్యోగ జీవితం మొత్తంలో ఒకే ఒక్క మనిషిని చూసి కుళ్ళుకున్నాను. అయితే ఆ ఒక్క మనిషి విషయంలో మాత్రం ఏ లోటూ చేయలేదు.

పోయిన ఏడాది రిటైరయ్యాను. లా కాలేజీలో నా దగ్గర చదువుకుని ఇప్పుడు పరిశోధన వైపు వెళ్తున్న పిల్లలు అప్పుడప్పుడు మెట్టుగూడలో మా ఇంటికి వస్తుంటారు. "మేడమ్, పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్‌కి అప్లై చేస్తున్నాం, ప్రపోజల్ ఎలా రాయాలి?" అని అడుగుతారు. అది చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. పక్క గదిలో కూర్చున్న ఫెలో మనకంటే బాగా పనిచేస్తుంటే ఆ కాలమంతా ఎలా గడపాలో చెప్పేవాళ్ళే లేరు. ఆ సంగతిలో నాకు అనుభవం ఉంది కాబట్టి ఇది రాస్తున్నాను.

మా నాన్నగారు కృష్ణా జిల్లా నుంచి సికింద్రాబాద్ వచ్చి మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పారు. మా ఇంట్లో అందరం టీచర్లమే. భోజనాల దగ్గర కూడా ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి పాఠం చెబుతూనే ఉండేవాళ్ళు. నేను చాలాకాలం కాంట్రాక్టు మీద లా చెప్పాను. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, నలభై దాటాక, పీహెచ్‌డీ పూర్తిచేశాను. ఆ వయసులో ఎవరు ఉద్యోగం ఇస్తారు అనుకుంటున్నప్పుడు తిరుమలగిరిలో ఒక చిన్న పరిశోధన సంస్థ ఫెలోషిప్ ఇచ్చింది.

పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ అంటే తెలియనివాళ్ళకు ఒక మాట. డాక్టరేట్ వచ్చాక, పక్కా ఉద్యోగం దొరికేలోపు, రెండేళ్ళపాటు ఒక ప్రశ్న పట్టుకుని దాని వెంట తిరగమని ఒక కుర్చీ, ఒక బల్ల ఇస్తారు. మాది చట్టం, సమాజం అధ్యయనాల విభాగం. చట్టం పుస్తకంలో ఏమంటుందో చూడటం మా పని కాదు. అదే చట్టం ఒక ఇంటి గుమ్మం దాటి లోపలికి వెళ్ళాక ఏమవుతుందో చూడటం మా పని.

ఆ ఏడు ఇద్దరిని తీసుకున్నారు, నన్నూ ఇంకో అమ్మాయినీ. మొదటి రోజే డైరెక్టర్ గారు మా ఇద్దరికీ ఎదురుగా కూర్చుని, టీ చల్లారేదాకా కప్పు తిప్పుతూ, "మీ ఇద్దరిలో ఒకరిని ఇక్కడే పర్మనెంట్‌గా తీసుకునే అవకాశం ఉంది. ఒకరినే" అన్నారు. మంచి మనిషే. కానీ ఆ ఒక్క మాట ఆయన చివర్లో చెప్పి ఉంటే నా రెండేళ్ళు వేరేలా గడిచేవేమో.

ఆ అమ్మాయి నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. మల్కాజ్‌గిరిలో పుట్టి పెరిగింది, వాళ్ళ నాన్నకు అక్కడ హార్డ్‌వేర్ షాపుండేది. డాక్టరేట్ ఢిల్లీలో చేసింది. ఢిల్లీలో చదివిన వాళ్ళంటే ఇంగ్లీషులో మనల్ని తొక్కేస్తారని ముందే గుండె చిక్కబట్టుకున్నాను. తీరా చూస్తే ఆమె ఆయుధం ఇంగ్లీషు కాదు.

మేమిద్దరం ఒకే ఫ్యామిలీ కోర్టులో పనిచేశాం. నా విషయం రాజీలు. విడాకుల కోసం, విడిగా ఉండటం కోసం వచ్చిన ఆడవాళ్ళను కౌన్సెలర్లు కూర్చోబెట్టి భర్తతో రాజీ కుదిర్చి పంపిస్తారు కదా, ఆ తర్వాత ఆ ఇళ్ళలో ఏం జరుగుతోంది అన్నది నా ప్రశ్న. ఆమె విషయం ఎదురుచూపు. వాయిదాకీ వాయిదాకీ మధ్య జనం ఎలా బతుకుతారు అన్నది. వినగానే నాకు నవ్వొచ్చింది. ఎదురుచూపు మీద ఏం రాస్తుంది, బెంచీల మీద కూర్చోవడమేగా అనుకున్నాను.

నిజంగానే బెంచీ మీద కూర్చుంది. నేను చేతిలో ప్రశ్నల పత్రంతో, ముందే ఫోన్ చేసి, టైము అడిగి వెళ్ళేదాన్ని. ఆమె కోర్టు వరండాలో ఎవరో ఒకరి పక్కన కూలబడి, "ఏమ్మా, ఏమన్న తిన్నవా పొద్దుగాల?" అని షురూ చేసేది. అంతే. ఆ మనిషి పెళ్ళినాటి నుంచి చెప్పుకొచ్చేది. నేను నోరు తెరిస్తే అదే మనిషి పైట సర్దుకుని, లేచి నిలబడి, "చెప్పండి మేడమ్" అనేది. మా నాన్నగారి టీచరు తెలుగు నా నోట్లో అలా పాతుకుపోయింది. ఒకసారి ఇంట్లో అద్దం ముందు "ఏమన్న తిన్నవా" అని అనిచూసుకున్నాను. వెనక నుంచి మా ఆయన, "ఎవర్ని తిడుతున్నావు?" అన్నారు.

మా ఆయన రైల్వేలో పనిచేసేవారు. డ్యూటీ నుంచి వచ్చి అన్నానికి కూర్చుంటే నేను మొదలుపెట్టేదాన్ని. ఇవాళ ఆమె ఇది చేసింది, డైరెక్టర్ గారు ఆమెను అలా మెచ్చుకున్నారు, లైబ్రరీ ఆయన ఆమె కోసం పుస్తకం విడిగా తీసి పెట్టాడు. కొన్నాళ్ళు విన్నారు. ఒకరోజు కంచంలో చెయ్యి ఆపి, "ఆ అమ్మాయి మనింట్లో అద్దెకుంటే ఇంతకంటే తక్కువ మాట్లాడుకునేవాళ్ళం" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. నిజం కాబట్టే మండింది.

ఇంత కుళ్ళులోనూ నాకు ఒక ధీమా ఉండేది. నా దగ్గర ఒక మంచి కేసుంది. మల్కాజ్‌గిరి స్టేషన్ వెనక సందులో చీరలకు ఫాల్స్ కుట్టి, పీకో చేసే ఒకామె. భర్త మీద కేసు వేసి, తర్వాత రాజీకి ఒప్పుకుని, కూతురితో అత్తగారింటికి తిరిగి వెళ్ళింది. రాజీ కుదిరిన రోజు నేను కోర్టులోనే ఉన్నాను. ఆమె తమ్ముడు కూడా వచ్చి, "మా అక్కను మేం తోల్కపోతం, మళ్ళ ఆ ఇంటికి పంపం" అని కౌన్సెలర్‌తో పెద్ద గొడవ పెట్టుకున్నాడు. అతను అదే కోర్టులో ఒక సీనియర్ లాయరు దగ్గర గుమాస్తా. అన్నదమ్ములు ఆమెను తీసుకుపోయి ఇంకో పెళ్ళి చేద్దామని చూస్తున్నారు, పాప సంగతి మాత్రం ఎత్తడం లేదు. ఆమె ఎవరి మాటా వినకుండా రాజీ మీద సంతకం పెట్టింది.

ఆ ఇంటికి చాలాసార్లు వెళ్ళాను. అత్తగారు దళసరి కళ్ళద్దాలతో మిషను పక్కనే కూర్చుని దారపు రీళ్ళు రంగుల వారీగా సర్దుతూ ఉండేది. నాకు టీ పెట్టి ఇచ్చేది. "ఎలా ఉన్నారమ్మా?" అని కోడల్ని అడిగితే, "మంచిగనే ఉన్నం మేడమ్" అనేది. "మీ ఆయన?" అంటే, "నాగపూర్ల పని దొరికింది, నెలకోపాలి వస్తడు" అనేది. అత్తగారు తల ఊపేది. రాజీలు విఫలమవుతాయని అందరూ రాస్తున్న రోజుల్లో, కుదిరిన రాజీ ఒకటి నాకు దొరికింది. నా పేపరుకి అదే గుండెకాయ.

సెమినార్‌కి పది రోజులుందనగా ఆ అమ్మాయీ నేనూ తిరుమలగిరి నుంచి ఒకే బస్సులో వస్తున్నాం. ఇద్దరికీ పక్కపక్కనే సీటు దొరికింది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"అక్కా, మీకొకటి చెప్పాలె. నా పేపరుకు గట్టి కేసు దొరికింది."

"చెప్పమ్మా."

"ఒకామె ఉంది, రాజీ చేసుకున్నది. అందరు మొగుడు పెళ్ళాం కలిసిన్రనుకుంటున్రు. కలిసింది మొగునితోని కాదక్కా. అత్తతోని!"

నాకు అర్థం కాలేదు. ఆమె సీట్లో ఇటు తిరిగి చెప్పింది.

"మొగుడు రాజీ అయినంక వారం సుత ఉండలే. మళ్ళ తాగుడు, కొట్టుడు. ఒకరోజు అత్తనే దర్వాజల నిలబడి, ఈ ఇల్లు నా పేరు మీదుంది, కోడలుంటది, నువ్వు బయటకు నడువు అన్నదంట కొడుకును. గంతే, పోయిండు. ఎక్కడున్నడో సుత ఎర్క లేదు. ఇద్దరాడోళ్ళు కలిసి పిల్లను సాదుకుంటున్రు. అన్నదమ్ములొస్తే కోర్టుల రాజీ కాయిదం చూపిస్తున్రు, మేం కలిసే ఉన్నం అని. గా కాయిదమే వాళ్ళకు తలుపు గొళ్ళెం లెక్క. కోర్టు ఒకటనుకొని ఇచ్చింది, వీళ్ళు ఇంకోదానికి వాడుకుంటున్రు. ఎంత బాగుంది కదక్కా?"

"ఏం పని చేస్తుంది ఆమె?" అన్నాను.

"పీకో సెంటరు. అత్త దారాలు సర్దుతది."

నా చేతిలో సంచి ఉంది, దాని పిడి బిగించి పట్టుకుని కిటికీలోంచి బయటకు చూశాను. ఆ ఇంట్లో ఎన్ని కప్పుల టీ తాగానో నాకే గుర్తు లేదు. ఆ అత్తగారి చేతి టీ. నెలకోపాలి వస్తాడన్న కొడుకు చెప్పులు కూడా గుమ్మంలో ఎప్పుడూ కనిపించలేదు కదా అని ఇప్పుడు తోస్తోంది. కుళ్ళు అని ఇంతకుముందు అన్నది ఏపాటి? ఆ బస్సులో నాకు కలిగింది చూపు మసకబార్చేంతటిది. నా మనిషి, నా కేసు, నా మల్కాజ్‌గిరి సందు. వరండాలో బెంచీ మీద కూర్చుని ఎత్తుకుపోయింది.

"చాలా బాగుందమ్మా" అన్నాను. సికింద్రాబాద్‌లో ఇద్దరం దిగి వేరే దార్లు పట్టాం.

ఆ రాత్రి మా ఆయన, "ఏంటి, ఇవాళ ఆ అమ్మాయి గురించి ఏమీ లేదా?" అని అడిగారు. లేదన్నాను. ఆయనకు భయమేసి జ్వరమేమో అని నుదురు పట్టి చూశారు.

నా పేపర్లోంచి ఆ కేసు తీసేశాను. అబద్ధమని తెలిశాక ఎలా ఉంచుతాను? మిగిలిందంతా పట్టికలు, శాతాలు. సెమినార్ రోజు టీకి ముందు నాది. చదివాను. మర్యాదగా చప్పట్లు కొట్టారు. ఒక పెద్దాయన నా పట్టికలో అక్షరాలు చిన్నవిగా ఉన్నాయన్నాడు. అంతకు మించి ఎవరూ ఏమీ అడగలేదు.

టీ తర్వాత ఆమెది. బిస్కెట్టు పట్టుకుని హాలు గుమ్మం దగ్గర నిలబడి ఉండగా, ఆమె పేపరు మీద మాట్లాడటానికి పిలిచిన సీనియర్ లాయరు కారు దిగారు. ఆయన వెనక ఫైళ్ళ సంచి మోస్తూ ఒకతను వచ్చాడు. వెంటనే గుర్తుపట్టాను. రాజీ రోజు గొడవపడ్డ తమ్ముడు. సంచి ముందు వరసలో పెట్టి, తను వెళ్ళి చివరి వరసలో ఫ్యాను కింద కూర్చున్నాడు.

ఆమె ఫీల్డ్ వర్క్ మొదలుపెట్టింది రాజీ అయ్యాకే. కోర్టు వరండాలో అతను కంటపడినా, పీకో ఆమె తమ్ముడని తెలిసే వీల్లేదు. ఆ హాల్లో అతనెవరో తెలిసింది నాకొక్కదానికే. పేపర్లో పేరు మార్చి ఉంటుంది, సందు మార్చి ఉంటుంది. కానీ రాజీ అయిన కోడలు, దారాలు సర్దే అత్త, నాగపూరులో ఉన్నాడని చెప్పే మొగుడు. తమ్ముడికి ఇంకేం కావాలి? సాయంత్రానికల్లా ఆ ఇంటి ముందు నిలబడతాడు.

మీరు చిన్నవాళ్ళు, మీకు దాచకుండా చెబుతాను. ఆ గుమ్మంలో నిలబడి నేను మొదట చూసింది ఆ పీకో ఆమె ముఖం కాదు. ఆ అమ్మాయి పేపరు ముక్కలై పడి ఉండటం చూశాను. చూసి, కాసేపు హాయిగా అనిపించింది. తర్వాతే ఆ పాప గుర్తొచ్చింది. మిషను కింద కూర్చుని గుడ్డ పేలికలతో ఆడుకునే పాప.

బిస్కెట్టు పక్కన పెట్టి వెళ్ళి ఆమెను వరండాలోకి లాక్కొచ్చాను.

"చివరి వరసలో నీలం చొక్కా అతను కనిపిస్తున్నాడా? నీ పీకో ఆమె తమ్ముడు."

ఆమె ముఖంలో రంగు పోయింది. "మీకెట్ల తెలుసక్కా?"

"నేను ఆ ఇంటికి వెళ్తూనే ఉన్నాను. నా కేసు కూడా ఆమే."

ఆమె నావైపు చూసింది. బస్సులో జరిగింది అంతా ఆమెకు అప్పుడే తిరిగి కనబడి ఉంటుంది. కానీ అడిగింది అతని గురించే.

"అతన్ని బయటకు పంపిస్తే?"

"ఎందుకని అడుగుతారు. ఏం చెబుతావు?"

"గా కేసు తీసేస్తే నా పేపర్ల ఏం మిగుల్తదక్కా?"

"నా దాంట్లో ఏం మిగిలిందో ఇందాక విన్నావుగా" అన్నాను.

లోపలి నుంచి ఆమె పేరు పిలిచారు. ఆమె గ్లాసెడు నీళ్ళు తాగి, కాగితాలు చేతిలో అలాగే ముడిచి పట్టుకుని వేదిక ఎక్కింది. నేను నా సీట్లో కూర్చున్నాను. ఆమె తడబడుతుందనుకున్నాను. ఏదో ఒకటి చదివి ముగించేస్తుంది, నాలాగే మర్యాద చప్పట్లు పడతాయి, లెక్క సరిపోతుంది అనుకున్నాను.

ఆమె కాగితాలు బల్ల మీద బోర్లా పెట్టింది.

"నేనొక కథ తెచ్చుకున్నాను. నా రెండేళ్ళ పనిలో దొరికిన మంచి కథ. ఇవాళ అది ఇక్కడ చెప్పడం లేదు" అని మొదలుపెట్టింది. "నాకు ఆ మనిషి రాసుకోమనే చెప్పింది. కానీ ఎవరి ముందు చదువుతానో ఆమెకు తెలియదు. ఇందాకటిదాకా నాకూ తెలియదు. అందుకని, ఒక మనిషి మనల్ని నమ్మి చెప్పిన మాట మీద మన హక్కు ఎంతవరకు అన్నది మాట్లాడతాను."

మాట్లాడింది. కాగితం చూడకుండా, అరగంటకు పైగా. వరండాలో ఎదురుచూసే ఆడవాళ్ళు ఎవరికేం చెబుతారు, ఎవరి దగ్గర ఏది దాస్తారు, కోర్టు ముందు ఒకటి, పుట్టింటి ముందు ఒకటి, పక్కింటి ముందు ఒకటి ఎందుకు చెప్పాల్సి వస్తుంది, పరిశోధకులం మేము ఆ దాపరికాన్ని విప్పి చూపించి డిగ్రీలు ఎలా తెచ్చుకుంటాం. పీకో మిషను లేదు, అత్త లేదు, మల్కాజ్‌గిరి లేదు. చివరి వరసలో తమ్ముడు కొంతసేపు విని, ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

ముగించాక హాలు మొత్తం లేచి నిలబడింది. నేనూ లేచాను. కూర్చుంటే బాగుండదని లేచాను. సీనియర్ లాయరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. డైరెక్టర్ గారు మైకు తీసుకుని, "పరిశోధన అంటే ఇదీ" అన్నారు. ఆమె నావైపు చూపించి ఏదో చెప్పబోయింది. చప్పట్లలో వినబడలేదు. తర్వాత వరండాలో అందరికీ చెప్పిందట, అక్క చెప్పకపోతే ఇవాళ పెద్ద తప్పు జరిగేదని. వాళ్ళు ఆమె వినయాన్ని కూడా మెచ్చుకున్నారు.

పర్మనెంట్ ఉద్యోగం ఎవరికి వచ్చిందో మీకు చెప్పనక్కర్లేదు.

నేను మళ్ళీ లా కాలేజీకి వెళ్ళాను. కొన్నాళ్ళకు అక్కడ నా ఉద్యోగం పక్కా అయింది, రిటైరయ్యేదాకా అక్కడే చేశాను. ఒక మంచి పని చేస్తే మనసు తేలికవుతుందని అంటారు. నాకు కాలేదు. ఎవరికో మేలు చేసి, ఆ మేలు ఎదుటివాళ్ళ మెడలో దండై పడటం చూస్తూ నిలబడాలంటే చాలా గుండె నిబ్బరం కావాలి. ఆమె వ్యాసం పత్రికలో అచ్చయితే మొదట పేజీలు లెక్కపెట్టేదాన్ని, తర్వాత తప్పులు వెతికేదాన్ని. అవి దొరక్కపోతే ఆ రోజంతా పాడైపోయేది.

ఫెలోషిప్ అయిపోయాక ఒకసారి చీరకు ఫాల్ కుట్టించే వంకతో మల్కాజ్‌గిరి వెళ్ళాను. అత్తగారు నిద్రపోతోంది. నేను ఊరుకోలేక అడిగేశాను.

"నాకెందుకు చెప్పలేదమ్మా? అన్నిసార్లు వచ్చాను కదా."

ఆమె మిషను ఆపింది. ఏం అడుగుతున్నానో వెంటనే అర్థమైంది.

"ఏమనుకోకుండ్రి మేడమ్. మీరొచ్చినప్పుడల్లా, రాజీ మంచిగైంది, మీరంత మంచిగున్నరు అని ఎంత సంబురంగ రాసుకునేటోళ్ళు! మిమ్మల్ని చూస్తే చెప్పబుద్ధి కాకపోయేది. మీరు పరేషాన్ అయితరని మా అత్తమ్మ సుత చెప్పొద్దన్నది."

నేను వాళ్ళ గురించి పరిశోధన చేస్తున్నాననుకున్నాను. వాళ్ళు ఇద్దరూ కలిసి నన్ను జాగ్రత్తగా చూసుకున్నారు. వద్దన్నా వినకుండా ఆ చీర పని ఊరికే చేసి పెట్టింది.

రెండు మూడేళ్ళకు ఆమే తమ్ముణ్ణి పిలిచి మొత్తం చెప్పేసిందట. అప్పటికి షాపు పెద్దదైంది, ఇద్దరు ఆడవాళ్ళకు పని ఇస్తోంది, అత్తగారు ఇల్లు మనవరాలి పేరున రాసేసింది. తమ్ముడు కొన్నాళ్ళు మాట్లాడటం మానేసి, మళ్ళీ మొదలుపెట్టాడు. ఇదంతా రాస్తానంటే ఆమె, "ఇప్పుడేంది మేడమ్, రాసుకోండ్రి" అంది. అయినా ఆమె ఉండేది మల్కాజ్‌గిరి కాకపోవచ్చు, చేసేది పీకో పని కాకపోవచ్చు. వెతక్కండి.

ఆ అమ్మాయి ఇప్పుడు ఆ సంస్థకు డైరెక్టరు. ఈమధ్య కొత్త ఫెలోలను ఎంపిక చేసే కమిటీలో కూర్చోమని నన్ను పిలిచింది. మానేద్దామనుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళాను. రోజంతా ఇంటర్వ్యూలు. అయిపోయాక తన కారులో మెట్టుగూడలో దింపుతానంది. వెలుపల వాన. కారు సికింద్రాబాద్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగింది.

"అక్కా, ఎప్పటిసంది అడుగుదామనుకుంటున్న. ఆ రోజు మీరు చెప్పకుండ ఉండొచ్చు కద?"

"నీకోసం చెప్పలేదమ్మా."

"తెలుసు. పాప కోసం."

ఇక దాచడానికి ఏముంది అనుకున్నాను. "నీమీద అప్పట్లో చాలా కుళ్ళుగా ఉండేది నాకు" అన్నాను.

"అది సుత తెలుసు" అని నవ్వింది. "అందుకే గదా ఏం దొరికినా ముందుగాల మీకే చెప్పేదాన్ని. మిగతావాళ్ళందరు బాగుంది బాగుంది అనేటోళ్ళు. అది ఎంత మంచిగుందో తెల్సి కడుపుమండేది మీకొక్కరికే."

వైపరు అటూ ఇటూ కొట్టుకుంటోంది. ఇన్నేళ్ళుగా నా లోపల ఉన్నదాన్ని ఇంత సూటిగా నాకు నేనే ఎప్పుడూ చెప్పుకోలేకపోయాను. దానికి కూడా ఆమెనే చూసి కుళ్ళుకోవాల్సి వచ్చింది.